మంగళవారం కాయం

హనుమంతరావుకు నిద్ర పట్టడం మొదలైన దగ్గర్నుంచి ఆయన భార్య జ్ఞానప్రసూనాంబకు నిద్ర కరువైంది.

నిజానికి సంతోషించాల్సిన సంగతే. డెబ్భై రెండేళ్ల మనిషి. గుండెకు రెండు స్టెంట్లు వేయించుకున్నాడు. మూడేళ్లుగా మోకాళ్లు పట్టుకుని మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, తను పడుకోక, పక్క మనిషిని పడుకోనివ్వక సతాయించాడు. అలాంటివాడు ఇప్పుడు తల దిండుకు ఆనించిన పది నిమిషాల్లో గుర్రు పెడుతున్నాడు. ఏ భార్యయినా దేవుడికి కొబ్బరికాయ కొడుతుంది. ప్రసూనాంబ కూడా మొదటివారం కొట్టింది. రెండోవారం ఆవిడకో సంగతి తట్టింది. ఈ గుర్రు మంగళవారం మొదలవుతోంది. శుక్రవారం దాకా బ్రహ్మాండంగా సాగుతోంది. శనివారానికి పలచబడి, ఆది సోమవారాలు మళ్లీ పాత మూలుగే. మంగళవారంనాడు ఆయన కొల్లేటికోట వెళ్లొస్తాడు.

వాళ్ల ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. స్టెంట్లు వేశాక ఆసుపత్రికి అందుబాటులో ఉండాలని పొలం కౌలుకిచ్చి, ఏలూరు పవర్‌పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఏలూరులో హనుమంతరావును పేరుపెట్టి పలకరించేవాడు మందుల షాపతను ఒక్కడే. కొల్లేటికోట పక్కన ఒక చేపల చెరువులో ఆయనకు చిన్న వాటా ఉంది. మేత వేయించేదీ, నీళ్లు మార్పించేదీ అంతా వేరేవాళ్లే. ఈయన వెళ్లి చేసేదేమీ లేదు. అయినా మంగళవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కైకలూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో ఎక్కి, చెరువు చూసొస్తానని వెళ్తాడు. చెరువును చూడటానికి ఇస్త్రీ చొక్కా ఎందుకో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అడగకుండా కడుపులో పెట్టుకుంది.

ఆ చెరువు గట్టు మీద పుష్పలత అనే మనిషి ఉంది. ఆవిడ భర్త ఆ చెరువుకే కాపలా ఉండేవాడు. అతను పోయాక గట్టు మీద పాక వేసుకుని, చెరువు పనివాళ్లకు టీ, టిఫిను, మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు వండి పెడుతోంది. హనుమంతరావు మోకాళ్ల బాధ చూసి, వారానికి నాలుగు ఉండలు బాదం ఆకులో చుట్టి ఇస్తోందట. ఒకటి తిరుగు బస్సులో వేసుకుంటాడు, మిగతావి రోజుకొకటి. అందుకే శుక్రవారం దాకా నిద్ర.

ఈ సంగతి ఆయన నోటినుంచి మొదటిసారి వచ్చినప్పుడు ప్రసూనాంబ కూర తరుగుతోంది.

"ఆ మనిషి చేతిలో ఏదో ఉంది ప్రసూనా" అన్నాడాయన, మోకాలు సుఖంగా చాపుకుంటూ.

అంతే. నలభై ఆరేళ్ల కాపురంలో ఆయన భార్య చేతిలో ఏదో ఉందని ఎప్పుడైనా అన్నాడేమోనని ఆవిడ ఆ పూటంతా గుర్తు తెచ్చుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? ఉండలు చేయడం ఆవిడ సొత్తు. బాలింతలకు పెట్టే కాయం చేయడంలో ఆ చుట్టుపక్కల ఆవిడను మించినవాళ్లు లేరు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము దేనికది నేతిలో దోరగా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి ఆవిడ ఉండ చేసిందంటే, పురిటి మంచం మీద ఉన్న పిల్ల వారం తిరిగేసరికి లేచి తిరగాల్సిందే. ఏ దినుసైనా నేతిలో వేగితేనే గుణం ఇస్తుందని ఆవిడ నమ్మకం. కూతురు దుర్గాభవాని పురిటికి చేసిన కాయాన్ని తాడేపల్లిగూడెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి చెయ్యి ఇంట్లో పెట్టుకుని, గట్టు మీద పాకలో ఎవరో కలిపిచ్చిన ఉండకు ఈయన జేజేలు కొడుతున్నాడు.

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బాదం ఆకు విప్పి, ఉండ అంచు గిల్లి నాలుక మీద వేసుకుంది. ఆవిడ నాలుక అబద్ధం చెప్పదు. శొంఠి, వాము, పిప్పళ్లు, తాటిబెల్లం. పాకం ముదిరింది. నెయ్యి పిసినారితనంగా వేశారు. అంతకుమించి ఏమీ లేదు. ఈ మాత్రం దానికి ఈయనకు ఇంత నిద్రా? ఇందులో తనకు అంతుపట్టనిదేదో ఉందన్నమాట. నెల రోజులు గుచ్చి గుచ్చి అడిగితే, ఆయన చివరికి గొంతు తగ్గించి చెప్పాడు. అందులో కాస్త గంజాయి ఆకు పడుతుందట. పొగ తాగితే తప్పు గానీ, మందులో తింటే ఏమీ కాదట. మెట్ట ప్రాంతంనుంచి తెస్తారట, ద్వారకా తిరుమల దారిలో వేర్లూ ఆకులూ అమ్మేవాళ్ల దగ్గర కూడా దొరుకుతుందట. డాక్టరుకు చెప్పారా అని అడిగితే, అల్లం తిన్నా బెల్లం తిన్నా ప్రతిదీ డాక్టరుకు చెబుతామా అన్నాడు.

వినగానే భయపడాల్సింది. గుండెకు స్టెంట్లున్న మనిషి గంజాయి తింటున్నాడంటే ఎవరైనా భయపడతారు. ఆవిడకు భయం వేయలేదు, అసూయ వేసింది. తన నాలుకకు దొరక్కుండా ఆకు కలిపిందంటే ఆ పుష్పలత ఎంత గట్టిదో అనుకుంది. నాలుక చెప్పింది వదిలేసి కడుపుమంట చెప్పింది నమ్మింది.

ఆ మనిషిని ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. ఒక మంగళవారం ఆయన వెళ్లిన గంటకు తనూ బస్సెక్కింది. ఎవరైనా అడిగితే కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుందని చెప్పొచ్చు. ఆటో చెరువు గట్టు పక్కనుంచి వెళ్తుంటే చూసింది. పాక ముందు బల్ల మీద హనుమంతరావు రెండు చేతులూ పక్కలకు చాచి, ఒక పక్కకు ఒరిగి, మళ్లీ రెండో పక్కకు ఒరిగి ఊగుతూ ఏదో చెబుతున్నాడు. ఎదురుగా పీట మీద ఒకావిడ రొయ్యలు వలుస్తూ, చెయ్యి ఆపి మరీ వింటోంది. ఆయన నవ్వాడు. పై పళ్లు కనిపించేలా నవ్వాడు.

పుష్పలత అందగత్తె అయినా బాగుండేది. సగం నెరిసిన జుట్టు, పగిలిన మడమలు, అరవైకి దగ్గరపడ్డ వయసు, రంగు వెలిసిన చీర. అందం చూసి పడిపోయాడంటే మగబుద్ధి అని తిట్టుకుని ఊరుకోవచ్చు. ఏమీ లేని మనిషి దగ్గర ఈయన అలా నవ్వుతున్నాడంటే ఏమనుకోవాలి? అమ్మవారి ముందు నిలబడి ప్రసూనాంబ ఏమీ కోరుకోలేకపోయింది. ఆయన కంటే ముందే ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు అన్నం వడ్డించింది.

ఆ రోజే నిర్ణయించుకుంది. ఆ మందేదో ఇంట్లోనే దొరికితే మనిషి ఊరు దాటడు. పైగా తన చేత్తో చేస్తే, ఆ ముదురు పాకం ఉండ ఆయన నోటికి మళ్లీ ఆనదు.

శనివారం ద్వారకా తిరుమల వెళ్లింది. దర్శనం చేసుకుంది, ప్రసాదం కట్టించుకుంది. తిరుగుదారిలో రోడ్డు పక్కన పట్టా కింద కూర్చుని వేర్లు అమ్మే నిత్యానందం అనే ఆయన దగ్గర ఆగింది. మోకాళ్ల నొప్పికి ఆకు కావాలంది. అతను ఆవిడ నెరిసిన జుట్టూ, నుదుటి బొట్టూ చూసి కాసేపు సందేహించాడు. ఎవరికమ్మా అనడిగాడు. మా ఆయనకు అంది. గుండెజబ్బూ అదీ లేవు కదా అని కూడా అడిగాడు పాపం. లేవంది. వేర్లమ్ముకునేవాడికి ఉన్నపాటి ఇంగితం ఆ పూట ఆవిడకు లేకపోయింది. స్వామివారి ప్రసాదం సంచీలో పైన, కాగితం పొట్లం కింద పెట్టుకుని, భీమడోలు మీదుగా ఇంటికి చేరింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన పేపరు చూస్తుండగా వంటింట్లో కాయం చేసింది. అన్ని దినుసుల్లాగే ఆకును కూడా నేతిలో దోరగా వేయించింది. పుష్పలత నెయ్యి పిసినారితనంగా వేసింది కదా, తను ధారాళంగా వేసింది. పాకం తీగపాకం దగ్గర ఆపింది. ఉండలు నున్నగా, నల్లగా, ఒకే సైజులో వచ్చాయి. పళ్లెంలో పేర్చుకుని చూసుకుంటుంటే ప్రాణం లేచొచ్చింది.

సోమవారం భోజనం అయ్యాక ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇంక ఆ ఎండలో అంతదూరం వెళ్లక్కర్లేదండీ, అదే మందు, నేనే చేశాను, నేతిలో వేయించి మరీ చేశాను అంది. ఆయన ఆశ్చర్యపోయాడు, వద్దనలేదు. కాయం నోట్లో వేసుకుని ఘాటు బాగుందన్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆయన ముఖం చూస్తూ కాచుకుంది. అరగంటయింది, ముప్పావుగంటయింది.

"ఏవండీ, ఏమైనా తెలుస్తోందా?"

"ఏమీ లేదే. పుష్పలతమ్మదైతే బస్సు కైకలూరు దాటకముందే ఒళ్లు తేలికయిపోతుంది."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే కథ ఇంకోలా ఉండేది. ప్రసూనాంబ లేచి వెళ్లి, పళ్లెంలో ఉన్నవాటిలో కాస్త పెద్దది ఏరి తెచ్చింది. ఆయన అదీ తిన్నాడు.

నాలుగున్నరకు మంచినీళ్లకని లేచినవాడు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. నేల ఒరుగుతోందన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు పిడచకట్టాయి. ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి ఛాతీ మీద చెయ్యి వేసింది. లోపల గుండె పరుగెత్తుతోంది. పరుగు కూడా సరిగ్గా లేదు. నాలుగు అడుగులు వేసి తూలి, మళ్లీ వేసినట్టుంది. ఆయన ఒళ్లంతా చెమట పట్టింది. "దోనె ఒరుగుతోంది, పట్టుకో" అన్నాడు, ఎవరితోనో తెలియదు. ఎలా ఆటో పిలిచిందో, పక్కింటివాళ్లు ఎప్పుడొచ్చారో తర్వాత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు హుమా. చిన్న వయసే అయినా మాటలో తొణుకు లేదు. ఆయన గుండె నిమిషానికి నూటయాభై దాటి కొట్టుకుంటోంది, లయ తప్పింది, బీపీ పడిపోతోంది. ఈసీజీ కాగితం చూసింది, ఆయన కళ్లు చూసింది, నాలుక చూసింది. ప్రసూనాంబను పక్కకు పిలిచింది.

"అమ్మా, ఈరోజు ఏం తిన్నారు? గంజాయి లాంటిదేమైనా తీసుకున్నారా? నేను తిట్టడానికి అడగట్లేదు. తెలిస్తే వైద్యం ఒకలా ఉంటుంది, తెలియకపోతే ఇంకోలా ఉంటుంది."

చెప్పేయాల్సిన చోటు అదే. ప్రసూనాంబ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. కొల్లేటికోటలో పుష్పలత అని ఒకావిడ ఉందండి, ఆవిడ ఎనిమిది నెలలుగా గంజాయి ఉండలు ఇస్తోందండి అంది. పూర్తిగా అబద్ధమైనా కాదు కదా అనుకుంది. భర్త ప్రాణం ఊగిసలాడుతుంటే కూడా ఆ పేరు మీద నింద వేయడానికి ఆవిడ కడుపుమంటకు తీరిక దొరికింది.

ఎప్పుడు తిన్నారు, ఎన్ని తిన్నారు, ఆకు ఎంత వేశారు అని అడిగింది హుమా. నాకేం తెలుసండీ, ఆవిడకే తెలియాలి అంది ప్రసూనాంబ. అయితే ఫోన్ చేయండి, స్పీకర్లో పెట్టండి అంది హుమా.

ఆయన ఫోన్లో ఆ నంబరు అన్నిటికంటే పైనే ఉంది. కూతురు నంబరు దాని కింద ఉంది. ఆ సమయంలో కూడా ప్రసూనాంబ అది చూసింది.

"ఆయ్, చెప్పండి రావుగారూ. రేపు వస్తున్నారు కదండీ?" అంది అటునుంచి గొంతు.

హుమా సంగతి చెప్పింది. రావుగారి గుండె లయ తప్పిందనీ, ఉండలో ఆకు ఎంత వేశారో వెంటనే చెప్పాలనీ అడిగింది. అటువైపు వెనకాల ఎక్కడో ఇంజను చప్పుడు వినిపించింది.

"ఆకు లేదండి" అంది పుష్పలత. "మొదట్లో రెండు నెలలు చిటికెడు వేసిన మాట నిజమేనండి, నా మోకాళ్లకి నేను వేసుకున్నట్టే. గుండెకి స్టెంట్లున్నాయని ఆయన చెప్పిన రోజునుంచీ మానేశానండి. మా ఆయన చెరువు కాపలాలో ఆ పొగే తాగి తాగి, గుండె పట్టుకుని గట్టు మీదే పోయాడండి. దాని సంగతి నాకు తెలుసు. ఆర్నెల్లనుంచీ ఒట్టి శొంఠీ బెల్లమే ఇస్తున్నానండి."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?" అని అడిగింది హుమా.

"చెప్తే రావడం మానేస్తారేమో అనండి."

హుమా ఫోన్లోంచి తలెత్తి ప్రసూనాంబ వైపు చూసింది. ప్రసూనాంబ నాలుక మీదికి ఆ రోజు గిల్లి వేసుకున్న ఉండ రుచి మళ్లీ వచ్చింది. శొంఠి, వాము, పిప్పళ్లు, తాటిబెల్లం. నాలుక నిజమే చెప్పింది. ఆర్నెల్లుగా ఆయన్ని నిద్రపుచ్చింది ఆకు కాదు. ఆ బల్ల. ఆ పీట మీద చెయ్యి ఆపి వినే మనిషి. ఎనిమిది నెలలుగా తను దేనిమీద అసూయపడిందో అది అక్షరాలా ఉంది. ఇప్పుడది రుజువైంది, దాని పక్కనే భర్త ప్రాణం కొట్టుకుంటోంది.

"నేనేనమ్మా" అంది ప్రసూనాంబ. ఫోన్ ఇంకా పెట్టేయలేదు, అటువైపు పుష్పలత వింటూనే ఉందని తెలుసు. "నేనే చేశాను. గుప్పెడు ఆకు నేతిలో వేయించి వేశాను. రెండింటికి ఒకటి, మూడింటికి ఒకటి పెట్టాను. రెండోది పెద్దది."

హుమా ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. నర్సులకు ఏవో చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

రెండు గంటల తర్వాత బయటికొచ్చి, ప్రమాదం తప్పినట్టేనని, అయినా రెండురోజులు కనిపెట్టుకుని ఉండాలని చెప్పింది. తిట్టనన్నట్టే తిట్టకుండానే అన్నీ చెప్పింది. పొగ తాగితేనే ముప్పు, తింటే మందు అనుకుంటారు పెద్దవాళ్లు. తిన్నది ఆలస్యంగా ఎక్కుతుంది, అందుకే పనిచేయలేదనుకుని రెండోది తింటారు. నేతిలో వేగితే దాని బలం ఇంకా పెరుగుతుంది. వయసు మీదపడ్డ గుండె అంత పరుగును తట్టుకోలేదు. పైగా రక్తం పలచబడటానికి వేసుకునే మాత్రలతో అది కలిస్తే ఏమవుతుందో ముందుగా చెప్పలేం. ఎనిమిది నెలల్లో ఒక్కసారి మాకు చెప్పినా మోకాళ్లకు వేరే దారి చూపించేవాళ్లం కదమ్మా అంది. నేతిలో వేగితేనే గుణమన్న తన మాట ప్రసూనాంబకు గుర్తొచ్చి తల దించుకుంది.

మర్నాడు మంగళవారం. పదిగంటల వేళ పుష్పలత ఆసుపత్రికి వచ్చింది. ఆయన్ని అద్దంలోంచి ఒకసారి చూసి, వరండా బల్ల మీద ఈ చివర ఒదిగి కూర్చుంది. ఆ చివర ప్రసూనాంబ కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా మూడో మనిషి పట్టేంత చోటుంది. నిన్న తన మీదికి నెట్టిన తప్పు గురించి పుష్పలత ఎత్తుతుందేమోనని ప్రసూనాంబ కాచుకుంది. ఆవిడ ఎత్తలేదు. ఎత్తి నాలుగు మాటలంటే బాగుండునని కూడా ప్రసూనాంబకు అనిపించింది.

"ఏం మాట్లాడతారమ్మా ఆయన నీ దగ్గర?" అని చివరికి తనే అడిగింది.

"ఏముంటాయండీ అమ్మగారూ, పాత సంగతులే. ఎక్కువగా ఆ దోనె సంగతేనండి. పందొమ్మిదేళ్లప్పుడు వరదలో తాటిదోనె మీద విత్తనాల వడ్లు వేసుకుని కొల్లేరు దాటడం."

ప్రసూనాంబకు తెలుసు. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టాడు ఆ కథ. ఆయన 'అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు' అనగానే, ఆ దోనె కథేనా అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయేది. తర్వాత తర్వాత ఆయన మొదలుపెట్టడం కూడా మానేశాడు. ఆ రోజు గట్టు మీద చేతులు చాచి ఊగింది నాట్యం కాదన్నమాట, దోనె.

"ఎప్పుడు చెప్పినా గాలొచ్చి దోనె ఒరిగిందనే దాకా చెప్తారండి" అంది పుష్పలత. "అక్కడికొచ్చేసరికి బస్సు టైమయిందని లేచిపోతారు. ఇంతకీ ఆ దోనె మునిగిందా, గట్టెక్కిందా అండి? మీకు తెలిసే ఉంటుంది కదండీ."

నలభై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి. ఆయన వేసుకునే మాత్రల రంగులు తెలుసు, దగ్గును బట్టి కోపం తెలుసు. ఆ దోనె ఏమైందో మాత్రం తెలియదు. తెలియదని ఆ మనిషి ముందు ఒప్పుకోవడం కంటే చావడం నయమనిపించింది.

"ఆయన్నే అడగమ్మా" అంది, ముఖం తిప్పుకుని.

ఇంటికొచ్చిన మర్నాడే కాయం ఉండలన్నీ మురిక్కాలవలో పారేసింది. నాలుగోనాటి సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తుంటే, స్టవ్వు ఆపి, చేతులు తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, ఆ దోనె ఏమైంది?"

ఆయన అనుమానంగా చూశాడు. ఇప్పుడెందుకన్నాడు. చెప్పండి, మొదట్నుంచీ చెప్పండి అంది. ఆవిడ నిజంగానే లేచి వెళ్లదని నమ్మకం కుదిరాక మొదలుపెట్టాడు. విత్తనాలకు వడ్లు లేక వాళ్ల నాన్న లంకలో ఉన్న మేనమామ దగ్గరికి పంపడం, మామ రెండు బస్తాలివ్వడం, దోనె నడిపేవాడు ఈ గాలిలో రానంటే తనే గెడకర్ర పుచ్చుకోవడం, నడి కొల్లేట్లో గాలి తిరగడం. చేతులు చాచాడు. ఇటు ఒరిగాడు, అటు ఒరిగాడు. అక్కడ ఆగిపోయాడు. ఆవిడ కదల్లేదు.

"మునిగిపోయింది ప్రసూనా" అన్నాడు. "బస్తాలు రెండూ పోయాయి. నాకు ఈత రాదు. కిక్కిస గడ్డి దుబ్బు పట్టుకుని ఏడుస్తూ వేలాడాను. కిక్కిస కోసుకోవడానికొచ్చిన ఆడవాళ్లిద్దరు లాగి ఒడ్డున పడేశారు. ఇంటికెళ్లి, మామయ్య వడ్లివ్వలేదని చెప్పాను. ఆ మాట మీద మా నాన్నా మామయ్యా మళ్లీ జన్మలో మాట్లాడుకోలేదు. మా నాన్న శవాన్ని చూడటానికి కూడా మామయ్య రాలేదు. నేను నోరు విప్పలేదు."

ప్రసూనాంబ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.

"పుష్పలతకు ఇది ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ నన్ను మంచివాడనుకుంటోంది. ఆ ఒక్క చోటైనా అలా ఉండనీ అనిపించింది."

ఆ మాట కూడా గుచ్చుకుంది. ఆవిడ దగ్గర మంచివాడు, నా దగ్గర అసలు మనిషా అనుకుంది. అయినా మంచివాణ్ణి ఎవరైనా చూడొచ్చు, అసలు మనిషిని చూసింది తనొక్కతే కదా అని కూడా అనుకుంది. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయింది. ఆసుపత్రిలో తను కూడా ముందు పుష్పలత పేరే చెప్పానని ఆయనకు అప్పుడు చెప్పింది. ఆయన చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టింది, ఏ ఉండా లేకుండా.

నెల తర్వాత హుమా ప్రయాణానికి సరేనంది. మంగళవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రసూనాంబ కూడా ఇస్త్రీ చీర కట్టుకుంది. కొల్లేటికోటలో బల్ల మీద ఆయన పక్కనే కూర్చుంది. పుష్పలత ఇద్దరికీ టీలిచ్చి, పీట వాల్చుకుని రొయ్యలు ముందు పెట్టుకుంది. క్షమించమని అడగాలని ప్రసూనాంబ బస్సులో దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. పక్కన మరో పీట లాక్కుని రొయ్యలు వలవడం తప్ప ఇంకేమీ చేతకాలేదు. పుష్పలత అది చూసి గిన్నె కాస్త ఇటు జరిపింది.

"ఇంతకీ ఆ దోనె ఏమైందండీ రావుగారూ? ఇవాళైనా చెప్పండి" అంది.

హనుమంతరావు మొదట్నుంచీ మొదలుపెట్టాడు. వరద వచ్చింది, మామ వడ్లిచ్చాడు, గెడ పుచ్చుకున్నాడు, నడి కొల్లేట్లో గాలి తిరిగింది. రెండు చేతులూ చాచి ఇటు ఒరిగాడు, అటు ఒరిగాడు. అక్కడ ఆగి, భార్య వైపు చూశాడు. పుష్పలత చేతిలో రొయ్యతో అలాగే ఉండిపోయింది.

ప్రసూనాంబ చేతులు కడుక్కుని లేచింది.

"బస్సు టైమయిందండీ" అంది. "మిగతాది వచ్చే మంగళవారం చెబుదురు గాని."